రుజువు అనే బటన్

నా ఉద్యోగ జీవితంలో ఆఖరి పదకొండేళ్ళూ నేను చేసిన పని వెబ్‌సైటులో అక్షరాల్ని పరిగెత్తించడం. ఎర్రవి కుడి నుంచి ఎడమకు, పచ్చవి కింది నుంచి పైకి. మధ్యలో డైరెక్టర్ గారి ఫొటో మాత్రం కదలకూడదు. ఇప్పటి పిల్లలు వెబ్ డిజైన్ అంటే నాలుగు మాటలు పెట్టి, మిగతాదంతా ఖాళీగా వదిలేసి, దానికి జీతం తీసుకుంటున్నారు. మా దగ్గర అంత ఖాళీ వదిలితే డైరెక్టర్ గారు, "ఇక్కడ స్థలం వృథాగా ఉంది మేడమ్, ఇద్దరు ర్యాంకర్లు పడతారు కదా" అనేవారు. నేను ఇరికించేదాన్ని.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న మీకోసమే ఇది రాస్తున్నాను కాబట్టి ముందే చెబుతున్నాను. ఇందులో నేను గొప్పదాన్ని కాను. తప్పు నాదే, నా చేత్తో చేసిందే. పైగా చాలా శ్రద్ధగా చేశాను.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సందులో మా జూనియర్ కాలేజీ. కింద చీరల షాపు, పైన మూడంతస్తులూ మేము. నేను పనిచేసే టైపు ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక ఈ కాలేజీలో డీటీపీ ఆపరేటర్‌గా చేరాను. ప్రోగ్రెస్ కార్డులు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు కొట్టేదాన్ని. కాలేజీకి వెబ్‌సైటు కావాలన్న రోజున, కంప్యూటర్ ముందు కూర్చునే మనిషిని నేనొక్కదాన్నే కాబట్టి అది నా నెత్తిన పడింది. పుస్తకాలు చూసి, వీడియోలు చూసి, పక్క కాలేజీ సైటు చూసి నేర్చుకున్నాను. పక్క కాలేజీలో ఆ పని చేసే ఆవిడ మా సైటు చూసి నేర్చుకుందని తర్వాత తెలిసింది. అంటే ఇద్దరం ఒకరి తప్పులు ఒకరం భక్తిగా దించుకున్నాం.

ర్యాంకులు వచ్చే రోజుల్లో విజయవాడ ఎలా ఉంటుందో ఇక్కడి వాళ్ళకి చెప్పక్కర్లేదు. స్తంభానికో ఫ్లెక్సీ. ఒకే కుర్రాడు మూడు కాలేజీల ఫ్లెక్సీల్లో నవ్వుతుంటాడు, ఒక్కో చోట ఒక్కో రంగు చొక్కాతో. వాడు అసలు ఎక్కడ చదివాడో వాడికే గుర్తుండదేమో. ఆ ఏడు మా కాలేజీవి కూడా కొనుక్కున్న ర్యాంకులేనని ఎవరో ప్రచారం చేశారు. డైరెక్టర్ గారికి చాలా బాధ కలిగింది. నన్నూ, పీఆర్వోనీ గదికి పిలిచారు.

పీఆర్వో అంటే ఊరూరా తిరిగి అడ్మిషన్లు పట్టుకొచ్చే మనిషి. మంచివాడే. కానీ డైరెక్టర్ గారు ఏమన్నా "సూపరండి" అనేవాడు. ఫ్యాన్ వెయ్యమన్నా సూపరండి అనే వేసేవాడు.

"మన ర్యాంకుల్లో ఒక మూడు తప్ప అన్నీ నిజమే కదా మేడమ్. ఆ సంగతి జనానికి తెలియాలి," అన్నారు డైరెక్టర్ గారు. "ప్రతి ఫొటో కింద ఒక బటన్ పెట్టండి. రుజువు అని రాయండి. నొక్కితే ర్యాంకు కార్డు కనబడాలి. దాని కింద తండ్రి ఫోన్ నంబరు. డౌటున్నవాడు డైరెక్టుగా ఫోన్ చేసి కనుక్కుంటాడు."

"సూపరండి," అన్నాడు పీఆర్వో.

ర్యాంకు కార్డు మీద ఏముంటాయో నాకు తెలుసు. హాల్ టికెట్ నంబరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఫొటో, సంతకం. వాటన్నిటినీ చూస్తూ ఆ సాయంత్రం నాకు వచ్చిన సందేహం ఒక్కటే. బటన్ ఆకుపచ్చగా ఉండాలా, నారింజ రంగులో ఉండాలా అని. నారింజ రంగు పెట్టాను. అది మెరిసేలా కూడా చేశాను. నన్ను తిట్టాలనుకుంటే ఇక్కడ కాస్త ఆగి తిట్టుకోండి.

అంతటితో అయిపోలేదు. పీఆర్వో ఆ ర్యాంకర్ల తండ్రుల్ని పిలిచి, సమోసాలు, టీ ఇచ్చి మీటింగ్ పెట్టాడు. "తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే కచ్చితంగా ఎత్తండి. విసుక్కోకండి. అడిగినవన్నీ ఓపిగ్గా చెప్పండి. కాలేజీ పరువు మీ చేతుల్లో ఉందండి," అన్నాడు. తలా ఒక గోడగడియారం ఇచ్చాం. దాని మధ్యలో డైరెక్టర్ గారి బొమ్మ ఉంటుంది, ముళ్ళు ఆయన ముక్కు మీంచి బయల్దేరతాయి. దేశమంతా తెలియని ఫోన్లు ఎత్తకండి బాబూ అని మొత్తుకుంటుంటే, మేం మాత్రం ఎత్తమని ట్రైనింగ్ ఇచ్చి పంపించాం.

ఆ తండ్రుల్లో ఒకాయన గుడివాడ అవతల చేపల చెరువు మీద కాపలా ఉంటాడు. ఆయన కూతురిది ఆ ఏడు మా కాలేజీలో రెండో ర్యాంకు, అదీ నిజమైన ర్యాంకు. మీటింగ్ అయిన వారానికి నా సీటు దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"రోజుకి పదీ పదిహేను ఫోన్లొస్తన్నయ్యండి మేడమ్ గారూ," అన్నాడు. "ఎక్కడెక్కడోళ్ళో. మీ అమ్మాయి ఎట్టా చదివిందండీ, పొద్దున ఎన్నింటికి లేచేదండీ అని అడుగుతున్నారు. గట్టు మీద కూర్చోని అందరికీ చెప్తన్నానండి. ఇంతకుముందు నన్ను ఎవురూ ఏదీ అడగలేదండి."

నాకు ఎంత సంతోషం వేసిందో. నా బటన్ ఒక మనిషికి గౌరవం తెచ్చిందని మా అక్కయ్యకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను.

కౌన్సెలింగ్ మొదలైంది. తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. ఇంజనీరింగ్ సీటు కావాల్సిన పిల్లలు ప్రభుత్వ కౌన్సెలింగ్ వెబ్‌సైటులో లాగిన్ అయి, తమకు కావలసిన కాలేజీల జాబితా వరసగా పెట్టుకోవాలి. ఆఖరి రోజు సాయంత్రం ఆరింటికి తలుపులు మూసేస్తారు. అప్పటికి జాబితాలో ఏముంటే దాన్నిబట్టే సీటు. తర్వాత ఏడ్చినా ప్రయోజనం లేదు.

ఆ సమయానికే పై నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ప్రతి కాలేజీ ఆన్‌లైన్ మోసాల మీద అవగాహన సదస్సు పెట్టాలట, ఫొటోలు పంపాలట. కాలేజీలో కంప్యూటర్ తెలిసిన మనిషిని నేనే కాబట్టి ఉపన్యాసం నాది. పీఆర్వో తెలివిగా కౌన్సెలింగ్ ఆఖరి రోజు పొద్దునే పెట్టాడు. ఆ రోజు తల్లిదండ్రులు ఎలాగూ సందేహాలు అడగడానికి వస్తారు, ఫొటోలో హాలు నిండుగా కనబడుతుంది.

నేను పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. ముప్ఫై స్లైడ్లు చేశాను. ముసుగేసుకున్న మనిషి, వెనకాల ఆకుపచ్చ అంకెలు, అలాంటి బొమ్మలన్నీ దించాను. ఓటీపీ ఎవరికీ చెప్పకండి, పుట్టిన తేదీ ఎక్కడా పెట్టకండి, ఫోన్ నంబరు బయట పెట్టకండి అని గంటసేపు గొంతు చించుకున్నాను. ఆఖరి స్లైడుకు బదులు మా కాలేజీ వెబ్‌సైటు తెరవాలి. ఏ కార్యక్రమమైనా దాంతోనే ముగించాలని డైరెక్టర్ గారి రూలు. తెరిచాను. తెర మీద ఎర్ర అక్షరాలు పరిగెత్తడం మొదలెట్టాయి. చప్పట్లు కొట్టారు.

"సందేహాలుంటే అడగండి," అన్నాను.

మూడో వరసలో చేపల చెరువు ఆయన లేచాడు. పక్కన కూతురు.

"మేడమ్ గారూ, ఒక అనుమానమండి. మొన్న మజ్జాన్నం నాకు ఫోనొచ్చిందండి. కౌన్సిలింగు హెల్ప్‌లైను నుంచి అన్నాడు. పాప హాల్ టికెట్ నంబరు ఆడే చదివాడండి. పుట్టినరోజు ఆడే చెప్పాడు. నా పేరు, వాళ్ళమ్మ పేరు అన్నీ కరెక్టేనండి. ఫోనుకి ఒక నంబరొచ్చిద్ది చెప్పమన్నాడు. చెప్పానండి. నిన్న కాణ్ణుంచి పాపకి లోపలికి పోవట్లేదండి, పాస్‌వర్డు తప్పంటంది. మీరు బొమ్మల్లో చూపిచ్చినట్టే జరిగిందండి. కానీ ఆడికి మా పాప నంబర్లన్నీ ఎట్టా తెలిసినయ్యండి?"

హాలంతా నా వైపు చూసింది. నేను నిపుణురాలిని కదా. "హ్యాకర్లండి," అన్నాను గంభీరంగా. "డార్క్ వెబ్ అని ఒకటుంటుంది. అక్కడ అన్నీ దొరుకుతాయి."

జనం భయంగా తలలూపారు. అప్పుడా అమ్మాయి లేచింది. గొంతు పెంచలేదు.

"డార్క్ వెబ్ దాకా ఎందుకు మేడమ్? మీ వెనకాలే ఉన్నాయి. మూడో ఫొటో నాది. కింద రుజువు అని ఉంది చూడండి."

వెనక్కి తిరిగాను. నారింజ రంగు బటన్ మెరుస్తోంది. అప్పుడైనా ఊరుకోవద్దూ? అలవాటైన చెయ్యి, మౌస్ పట్టుకుని నొక్కింది. ర్యాంకు కార్డు గోడంత అయ్యింది. ఆ అమ్మాయి హాల్ టికెట్ నంబరు, పుట్టిన తేదీ, తండ్రి ఫోన్ నంబరు తెలియనివాళ్ళు ఎవరైనా మిగిలుంటే వాళ్ళకి కూడా ఆ పూట తెలిసిపోయాయి.

డైరెక్టర్ గారు మైకు అందుకుని టీ బ్రేక్ ప్రకటించారు.

అందరం డైరెక్టర్ గారి గదిలోకి వెళ్ళాం. ఆ అమ్మాయి యూనివర్సిటీ కాలేజీలో ఎలక్ట్రికల్ మొదటి ఆప్షను పెట్టుకుందట. ఆ ర్యాంకుకి వచ్చి తీరుతుంది. "అక్కడ రాకపోతే ఇంక చదువు లేదండి, ప్రైవేటుకి పంపే స్థోమత నాకు లేదండి," అన్నాడు తండ్రి. ఆ ముక్క ఏ దాపరికమూ లేకుండా చెప్పాడు. గడియారం పదకొండున్నర చూపిస్తోంది.

కౌన్సెలింగ్ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. అక్కడి అధికారి ఒక పాలిటెక్నిక్ లెక్చరర్. ఖాతా తెరిచి చూసి చెప్పారు. ఎవరో పాస్‌వర్డు మార్చారు, ఫోన్ నంబరు కూడా మార్చారు. జాబితాలో ఉన్న ఇరవై కాలేజీలు తీసేసి ఒకటే పెట్టారు, ఎవరూ పేరు వినని ప్రైవేటు కాలేజీ. అలాంటి కాలేజీలకి పిల్లల్ని చేర్చి తలకింత అని కమిషన్ తీసుకునే బ్రోకర్ల పని అది.

"అమ్మాయి స్వయంగా వస్తే మార్చొచ్చండి," అన్నారాయన. "కానీ వివరాలు ఎలా బయటికి పోయాయో కాగితం కావాలి. అమ్మాయి అజాగ్రత్త అయితే పోలీసు కంప్లైంటుతో పై ఆఫీసుకు వెళ్ళాలి, రెండు మూడు రోజులు పడుతుంది. ఇంకెవరి వల్లనైనా పోతే, ఆ ఇంకెవరో లెటర్‌హెడ్ మీద రాసివ్వాలి. ఆరింటిలోపు తెండి."

డైరెక్టర్ గారు నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఉత్తరం చెప్పడం మొదలెట్టారు. "సదరు విద్యార్థిని తన అజాగ్రత్త వలన..."

నేను కొట్టాను. దీనికి సాకు లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఎవరో చెబుతుంటే కొడుతున్న వేళ్ళు, అర్థం మెదడుకెక్కేలోపు వాక్యం పూర్తి చేసేశాయి. అమ్మాయి నా భుజం వెనక నుంచి చదువుతోంది.

"నేనే అజాగ్రత్తా సార్? నేనెవరికీ ఏదీ చెప్పలేదు."

"అది ఫార్మాలిటీ అమ్మా," అన్నారు డైరెక్టర్ గారు.

"అట్టాగే రాయనీ తల్లీ, మనకి పనవ్వాలి," అన్నాడు తండ్రి, జేబులో పెన్ను వెతుక్కుంటూ.

"దాంతో పనవదు నాన్నా. రెండు మూడు రోజులంటున్నారు. సంతకం పెట్టకు."

డైరెక్టర్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. "చూడండి మేడమ్, అడ్మిషన్ల టైము. మన తప్పని మన లెటర్‌హెడ్ మీద రాసిస్తే రేపు పక్క కాలేజీవాడు దాన్ని ఫ్లెక్సీ వేయిస్తాడు." అంతలోనే ముఖం వెలిగించుకుని అమ్మాయి వైపు తిరిగారు. "పోనీలే అమ్మా. ఈ ఏడు వదిలెయ్. లాంగ్‌టర్మ్ కోచింగ్ మొత్తం నీకు ఫ్రీ. వచ్చే ఏడు ఇంకా మంచి ర్యాంకు కొడతావ్."

ఆయన నిజంగానే ఉపకారం చేస్తున్నాననుకున్నారు. అది చూశాక నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకమ్మాయి ఏడాది జీవితం పోగొట్టి, దానికి బదులుగా ఇంకో ఏడాది మా మూడో అంతస్తులో కూర్చోబెడతారట, మళ్ళీ ఫొటో పెట్టుకోవడానికి. అలవాటుగా పీఆర్వో వైపు చూశాను. మొదటిసారి అతను సూపరండి అనలేదు. నేల చూస్తున్నాడు.

లేచి నా సీటుకు వెళ్ళాను. ముందు ఆ పేజీ మొత్తం తీసేశాను, బటన్లతో సహా. పెట్టడానికి నాలుగు రోజులు పట్టింది, తీయడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత సొరుగులోంచి లెటర్‌హెడ్ తీసి చేత్తో రాశాను. ఈ విద్యార్థిని వివరాలను కాలేజీ వెబ్‌సైటులో అందరికీ కనబడేలా పెట్టింది నేను, ఆ పని ఎవరు చెప్పినా ఆలోచించకుండా చేసింది నేను, ఇందులో ఆ అమ్మాయి తప్పు గానీ ఆమె తండ్రి తప్పు గానీ లేదు అని రాసి, కింద వెబ్ ఇన్‌చార్జి అని సంతకం పెట్టాను. అన్నేళ్ళ సర్వీసులో ఎవరూ చెప్పకుండా నేను రాసిన మొదటి ఉత్తరం అదే.

"ఆ కాగితం బయటికెళ్తే మీరు కూడా వెళ్ళాల్సొస్తుంది మేడమ్," అన్నారు డైరెక్టర్ గారు తలుపు దగ్గర నిలబడి.

"దాంతోపాటే వెళ్తున్నానండి," అన్నాను. పైకి ధీమాగానే అన్నాను. రిటైర్మెంటుకి ఇంకా ఎనిమిది నెలలుంది.

రెండో అంతస్తు మెట్ల మీద ఉండగా వెనక నుంచి పీఆర్వో పరిగెత్తుకుంటూ వచ్చాడు. జేబులోంచి కాలేజీ గుండ్రటి స్టాంపు తీశాడు. "స్టాంపు లేకపోతే తీసుకోరండి," అని ఉత్తరాన్ని గోడకి ఆనించి వేసి, నోటితో ఊది ఆరబెట్టాడు. "నేను రాలేదనుకోండి మేడమ్," అని మళ్ళీ పైకి వెళ్ళిపోయాడు. అతని మీద నాకు అంతకుముందున్న అభిప్రాయం ఇక్కడ వెనక్కి తీసుకుంటున్నాను, సగం.

తండ్రీకూతుళ్ళతో నేనెక్కిన ఆటో బెంజ్ సర్కిల్ దగ్గర ఇరుక్కుపోయింది. తండ్రి ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎత్తబోయి ఆగి, నా వైపు చూశాడు.

"ఎత్తమంటారా మేడమ్ గారూ?"

ఎవరైనా నన్ను చెంపదెబ్బ కొట్టినా అంత తగిలేది కాదు. వద్దన్నాను. మోగి మోగి ఆగిపోయింది. "పాపం, పిల్లల్ని చేర్పిద్దామనుకునే వాళ్ళెవురో," అన్నాడు ఆయన.

సహాయ కేంద్రంలో పెద్ద క్యూ. ఎండకి జనం గోడ నీడలోకి ఒదిగి నిలబడ్డారు. మా వంతు వచ్చేసరికి అయిదు దాటింది. ఆ లెక్చరర్ ఉత్తరం రెండుసార్లు చదివారు.

"ఇలా రాసిచ్చినవాళ్ళని ఇంతవరకు చూడలేదండి. ఒక కాలేజీ అయినా మాదే తప్పంటుందని నేననుకోలేదు."

"కాలేజీ అనలేదండి. నేనంటున్నాను," అన్నాను.

ఆ ఉత్తరం ఏం చేసిందో ఇక్కడే చెప్పేస్తాను. వారానికల్లా నాకు శాలువా కప్పి, నేను స్వచ్ఛందంగా విశ్రాంతి కోరుకున్నానని ప్రకటించి పంపించారు. ఆ ప్రకటన నేనే టైపు చేశాను, వేరే ఎవరికీ రాదు కదా. తర్వాతి ఏడు కాలేజీ సైటులోకి ఏఐ చాట్‌బాట్ వచ్చిందని విని, చూద్దామని తెరిచాను. నమస్కారం పెట్టి, ముందు మీ పేరు, ఫోన్ నంబరు, పిల్లవాడి పుట్టిన తేదీ చెప్పండి అంది. మూసేశాను. మీలో ఎవరో తయారుచేసిందే అయ్యుంటుంది. రంగు మాత్రం బాగుంది. ఇక ఆ అమ్మాయికి కోరుకున్న సీటే వచ్చింది, ఎలక్ట్రికల్‌లోనే. ఇప్పుడు ఆమె ఫొటో ఎవరి సైటులోనూ లేదు.

నాకు గుర్తుండిపోయింది మాత్రం సహాయ కేంద్రం గదిలో ఆ పది నిమిషాలే. లెక్చరర్ పాత పాస్‌వర్డు తీసేసి, తండ్రి నంబరుకు బదులు అమ్మాయి సొంత నంబరు ఎక్కించి, కీబోర్డు ఆమె వైపు జరిపారు. కొత్త పాస్‌వర్డు పెట్టుకోమన్నారు. నేను అలవాటు కొద్దీ పక్కకు వచ్చి, ఏమైనా సాయం కావాలేమోనని తెర మీదకి వంగాను.

అమ్మాయి చేతులు కీబోర్డు మీద పెట్టలేదు. "కొంచెం అటు తిరుగుతారా మేడమ్?" అంది. మర్యాదగానే అంది. లెక్చరర్ వైపు చూసి, "మీరు కూడా సార్," అంది. "నాన్నా, నువ్వు కూడా."

ముగ్గురం పెద్దవాళ్ళం గోడ కేసి తిరిగి నిలబడ్డాం. సున్నం పెచ్చులూడిన గోడ. వెనకాల కీలు ఒక్కొక్కటే నొక్కుతున్న చప్పుడు. ఆమె ఏమాత్రం తొందరపడలేదు. ఒక్కో కాలేజీ వరసగా ఎక్కించింది, మొదటి నుంచి చివరి దాకా ఒకసారి సరిచూసుకుంది, ఇంక ఎవరూ మార్చకుండా జాబితాకి తాళం వేసింది.

"అయిపోయింది. ఇటు తిరగొచ్చు."

తండ్రి కళ్ళు తుడుచుకున్నాడు. బయటికి వస్తుంటే అడిగాడు, "పాస్‌వర్డు ఏం పెట్టావమ్మా?"

"నీకు కూడా చెప్పను నాన్నా."

ఆయన ఆగి, ఆలోచించి, ఆ రోజంతటిలో మొదటిసారి నవ్వాడు. "చెప్పకు తల్లీ," అన్నాడు. "ఎవురన్నా మర్యాదగా అడిగితే నేను చెప్పేస్తాను."